మాంసం మోసే బ్యాగుతో పిన్ భాబా: 21 కిలోలు, ఏడు రోజులు, ఒక నడుము

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త బ్యాగు రివ్యూ కాదు. మా మేనత్త కొడుకు అమెరికాలో, మోంటానాలో ఉంటాడు. ఎనిమిదేళ్లు వాడి, నాలుగు ఎల్క్‌ల (అక్కడి పెద్ద జాతి దుప్పుల) మాంసం కొండల మీద నుంచి మోసి దించిన బ్యాగు ఇది. పోయిన సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు దీన్నిండా బాదంపప్పులు, చాక్లెట్లు, మా అమ్మకి రెండు స్వెట్టర్లు (గుంటూరులో స్వెట్టర్లు!) కుక్కుకొచ్చి, ఖాళీ చేసి, "నాకు కొత్తది ఉంది, నువ్వు వాడుకో బావా" అని వదిలేసి పోయాడు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ మోడల్ ఇప్పుడు చేయడం లేదంట. ఇలాంటివే అక్కడ మూడు నాలుగు కంపెనీలు చేస్తున్నాయి, ఫ్రేముతో కలిపి కొత్తది కొనాలంటే ఆరు వందల డాలర్ల పైమాటే. అంత డబ్బు పెట్టాలా వద్దా అని కొట్టుకుంటున్న వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ఎందుకంటే ఈ బ్యాగుల మీద తెలుగులో ఒక్క ముక్క కూడా నాకు దొరకలేదు.

వేట బ్యాగు అనగానే కంగారు పడకండి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం సరదా వేట అన్న మాటే లేదు, ఉండకూడదు కూడా. నాది కెమెరా వేట. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడుపుకుంటూ, సీజన్ అయిపోయాక నాలుగు రోజులు దొరికితే పక్షుల వెనక, జంతువుల వెనక తిరిగే మనిషిని. ఈసారి పట్టుకున్న పిచ్చి ఐబెక్స్. హిమాచల్‌లో పిన్ వ్యాలీ నేషనల్ పార్క్ అని 1987లో పెట్టారు, అక్కడ తిరిగే కొండమేక ఇది. మగదానికి వెనక్కి వంగిన కొడవళ్ల లాంటి కొమ్ములుంటాయి. స్పితి లోయలో ఉన్న కాజా నుంచి కార్లో ముద్ గ్రామం దాకా పోయి అక్కడి నుంచి వెతుక్కోవచ్చు, బుద్ధున్నవాడు అదే చేస్తాడు. మేం ఇవతల కిన్నౌర్ జిల్లా వైపు కాఫ్నూ అనే ఊరి నుంచి బయల్దేరి, 4,900 మీటర్ల పైన ఉండే పిన్ భాబా కనుమ దాటి, అవతల ముద్‌లో దిగాలనుకున్నాం. కంచరగాడిద లేదు, కూలీలు లేరు, మన సామాను మన వీపు మీదే. ఇది విజయవాడలో ఉండే నా ఫ్రెండు ఐడియా. వాడి మోకాలి సంగతి తర్వాత చెప్తాను.

అసలు మొదట నేను కొన్నది వేరే బ్యాగు. బావ బ్యాగు మరీ మొరటుగా, మిలటరీ వాళ్లదిలా కనిపించి, పక్కన పడేసి, విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గర ఒక షాపులో 65 లీటర్ల ట్రెక్కింగ్ బ్యాగు 2,400 పెట్టి తెచ్చుకున్నాను. నీలం రంగు, పదకొండు జిప్పులు, విజిల్ కూడా ఉంది. "సైజులుంటాయా అండీ?" అని అడిగితే ఆ అబ్బాయి "ఫ్రీ సైజండి, అందరికీ సరిపోద్ది" అన్నాడు. అందరికీ సరిపోయేది ఎవరికీ సరిపోదని నాకు కొండవీడు కొండ ఎక్కితే గానీ తెలియలేదు. రెడ్డిరాజుల కోటకి ఇప్పుడు ఘాట్ రోడ్డుంది, మేం ప్రాక్టీస్ కోసం తెల్లారుజామున ఐదింటికి మొదలుపెట్టి పాత దారిలో ఎక్కేవాళ్లం, బ్యాగులో పదిహేను కిలోల బియ్యం వేసుకుని. మూడో ఆదివారం సగం కొండ మీద ఎడమ భుజం పట్టీ కుట్టు ఊడింది, పట్‌మని కాదు, టైలర్ దారం లాగినట్టు వరసగా, ఒక్కో కుట్టూ. బియ్యం మూట చంకలో పెట్టుకుని దిగాను. షాపుకి తీసుకెళ్తే "అంత బరువు వేస్తే ఎలా సార్" అన్నారు. ట్రెక్కింగ్ బ్యాగులో బరువు కాక ఇంకేం వేస్తారో నాకర్థం కాలేదు, సరే, అదలా పోయింది.

అప్పుడు దించాను బావ బ్యాగుని అటక మీద నుంచి. అమ్మ దాన్ని ఇంక ఇంట్లో ఉండనివ్వలేదు. ఎందుకంటే ఫ్రేముకీ బ్యాగుకీ మధ్య ఒక అర లాంటిది ఉంది, అక్కడ గుడ్డ మీద అరచేయంత ముదురు గోధుమ రంగు మరక. బావ ఫోన్లో నవ్వుతూ "అది ఎల్క్ రక్తం అత్తా, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు" అని స్పీకర్లో చెప్పేశాడు. ఇంకేముంది, బ్యాగు డాబా మీదకి పోయింది, పసుపు నీళ్ల స్నానం చేసింది, మూడు రోజులు ఎండింది. ఆ తర్వాత కూడా ఇంట్లో చోటు దొరక్క మా కొట్లో, మిరపకాయల టిక్కీల (బస్తాల) పక్కన గోడకి తగిలించాను. ఇది గుర్తుపెట్టుకోండి, దీని ఫలితం కాఫ్నూలో అనుభవించాను.

ఆ అర గురించి చెప్పాలి, ఈ బ్యాగు పుట్టిందే దానికోసం. మామూలు ట్రెక్కింగ్ బ్యాగులో ఫ్రేము లోపల కుట్టేసి ఉంటుంది. ఇందులో ఫ్రేము విడి, బ్యాగు విడి. నాలుగు పట్టీలు వదులు చేస్తే బ్యాగు మొత్తం ఫ్రేము నుంచి వెనక్కి జరిగి మధ్యలో ఖాళీ వస్తుంది. వేట అయ్యాక మాంసం మూటలు ఆ ఖాళీలో, వీపుకి దగ్గరగా పెట్టి పట్టీలు బిగించేస్తారు. బావ చెప్పిన లెక్క ప్రకారం ఒక పెద్ద మగ ఎల్క్‌కి ఎముకలు తీసేసిన మాంసమే 80 కిలోల పైన వస్తుంది, రోడ్డు చూస్తే ఎనిమిది పది కిలోమీటర్ల దూరం. ఇద్దరు మనుషులు తలో 30 కిలోల చొప్పున మోసినా రెండు మూడు ట్రిప్పులు, ఆ మధ్యలో ఎలుగుబంట్లు వాసన పట్టకుండా మిగతా మాంసం గుడారానికి దూరంగా చెట్టుకి వేలాడదీయాలి. కొంత వదిలేసి రావచ్చుగా అంటే కుదరదు. తినే మాంసం కొండ మీద వదిలేస్తే అక్కడ చట్టప్రకారం నేరం. "కొట్టడం ఒక నిమిషం బావా, మోయడం రెండు రోజులు" అన్నాడు. వాడు మా ఊళ్లో ఉన్నప్పుడు గ్యాస్ సిలిండర్ కూడా పక్కింటి వాళ్లతో ఎత్తించేవాడు.

బ్యాగు ఖాళీ బరువు మా కొట్టు కాటా మీద 2 కిలోల 900. ఇది ఎక్కువే. ఈ రోజుల్లో కిలో, కిలోన్నర బ్యాగులొస్తున్నాయి. మందపాటి నైలాను, జిప్పులు మూడే, విజిల్ లేదు. మనం చూడాల్సింది మటుకు ఒకటుంది, వీపు పొడవు సర్దుకునే ఏర్పాటు. తల వంచితే మెడ వెనక ఒక ఎముక గుబ్బగా తగులుతుంది చూడండి, అక్కడి నుంచి నడుము ఎముకల పై అంచు దాకా టేపుతో కొలవాలి. నాకు పద్దెనిమిది అంగుళాలు. మనిషి పొడవుని బట్టి దీన్ని చెప్పలేం, నాకంటే అర అడుగు పొడుగున్న మా ఫ్రెండుకీ పద్దెనిమిదే. ఆ కొలతకి భుజం పట్టీలు పైకీ కిందకీ జరుపుకోవాలి. జరిపాను, ఇరవై కిలోలు వేశాను, యార్డులో నాలుగు అడుగులు వేశాను. వెనక్కి పడిపోతున్నట్టే ఉంది.

ఇక్కడ అసలు రివ్యూ చేసింది నేను కాదు, మా దగ్గర పనిచేసే ముఠా మేస్త్రీ. ముప్పై ఏళ్లుగా నలభై కిలోల టిక్కీలు మోస్తున్న మనిషి. చేతిలో కొక్కెం పట్టుకుని నా చుట్టూ ఒక రౌండు తిరిగి, "ఏంది బాబూ, పెళ్లికూతుర్ని మోస్తున్నట్టు ఎనక ఏలాడేశావు" అన్నాడు. పక్కనున్న నలుగురూ నవ్వారు. తర్వాత సీరియస్‌గా, బ్యాగు కిందికి దింపించి, అన్నీ బయటికి తీయించాడు. నేను బరువైనవి అడుగున వేశాను, స్థిరంగా ఉంటుందని. "బరువు పిరుదుల కాడికి పోతే నిన్ను కిందికి లాగుద్ది. ఈపుకి అంటుకోవాల, రెక్కల మధ్యన ఉండాల" అని కెమెరా లెన్సు డబ్బా, తిండి సంచి తీసి నడి వీపు దగ్గర, ఫ్రేముకి ఆనించి పెట్టాడు. అడుగున స్లీపింగ్ బ్యాగు, బయటి వైపు బట్టలు. నడుము బెల్టు నేను బొడ్డు మీద కట్టుకుంటే, దాన్ని కిందికి లాగి నడుము ఎముకల మీద ఎక్కించి, ఊపిరి బిగపట్టమని గట్టిగా లాగాడు. ఆ తర్వాత భుజం పట్టీలు. "ఇప్పుడు ఏలు పెట్టి చూడు." భుజానికీ పట్టీకీ మధ్య నా వేలు సులువుగా దూరింది. బరువంతా నడుము మీద కూర్చుంది. బావ పంపిన ఇంగ్లీషు వీడియోలు ఆరు చూశాను, అన్నింట్లోనూ చెప్పింది ఇదే, బరువులో ముప్పాతిక వంతు నడుము మోయాలని. కానీ నా నడుము ఎక్కడుందో నాకు చూపించింది ఈయన. మర్నాడు కొండవీడు ఎక్కితే అదే ఇరవై కిలోలు పద్నాలుగులా అనిపించాయి.

చివరికి కాటా మీద 21 కిలోల 400. అందులో కెమెరా, 150-600 లెన్సు, ట్రైపాడ్ కలిపి ఐదు కిలోలు. ఎవరైనా ఎగతాళి చేస్తారని తెలుసు, చేసుకోండి. వాన కవర్ ఈ బ్యాగుకి లేదు. ఉన్నా లాభం తక్కువ, నీళ్లు వీపు వైపు నుంచే దిగుతాయి. మేం చేసింది ఏంటంటే, ఎరువుల కొట్టు నుంచి బస్తా లోపల వేసే మందపాటి ప్లాస్టిక్ సంచి కొత్తది అడిగి తెచ్చి, బ్యాగు లోపల పరిచి, సామానంతా అందులో వేసి మూతి మెలిపెట్టి కట్టేశాం. ఖర్చు సున్నా.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, విజయవాడ నుంచి ఢిల్లీ రైలు, అక్కణ్ణుంచి సిమ్లా బస్సు, సిమ్లా నుంచి సట్లెజ్ పక్కనే వాంగ్‌టూ దాకా, అక్కడ మళ్లీ జీపు. ఒక్క మాట: ఫ్రేము మడతపడదు కాబట్టి రైల్లో సీటు కింద దూరదు. రాత్రంతా పై బెర్తు మీద నా పక్కన పడుకుంది, మా ఆవిడ కంటే ఎక్కువ చోటు ఆక్రమించింది.

కాఫ్నూ 2,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఆపిల్ తోటలు. అక్కడి గైడు మాతో వచ్చాడు, ఆకుపచ్చ అంచున్న కిన్నౌరీ టోపీ పెట్టుకుని, మా బ్యాగులు చూసి ఏమీ అనలేదు, ఆ అనకపోవడమే ఒక మాటలా ఉంది. మొదటి రోజు ములింగ్ అనే మైదానం దాకా, ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తు ఒక్క రోజులో ఎక్కాలి. గంట నడిచాక చెమట పట్టింది. చెమట పట్టిన పది నిమిషాలకి నడుము చుట్టూ మంట మొదలైంది. ముందు రాపిడి అనుకున్నాను. తర్వాత మంట మామూలుగా లేదు, బెల్టు విప్పి చూస్తే నడుము ఎర్రగా కందిపోయింది, కళ్లు నలుపుకుంటే కళ్లూ మండాయి. అప్పుడు వెలిగింది. ఐదు నెలలు ఈ బ్యాగు మా కొట్లో తేజ మిరపకాయల టిక్కీల పక్కన వేలాడింది. బెల్టు లోపలి స్పాంజి ఘాటంతా పీల్చుకుంది. పొడిగా ఉన్నంతసేపూ ఏం కాలేదు, చెమట తగలగానే కారం నానింది. ఏటి నీళ్లలో బెల్టు నాలుగుసార్లు పిండితే ఒకసారైనా నీళ్లు ఎర్రబడతాయేమో అని చూశాను, పడలేదు గానీ గైడు మాత్రం రెండుసార్లు తుమ్మాడు. మూడో రోజుకి మంట తగ్గింది. ఇది బ్యాగు తప్పు కాదు, మార్కులు తగ్గించడం లేదు.

నిజానికి రాపిడి మాత్రం లేదు. ఏడు రోజుల్లో నడుము మీద ఒక్క పుండు పడలేదు, భుజాలు పట్టేయలేదు. మా ఫ్రెండు ఢిల్లీలో అద్దెకి తీసుకున్న మామూలు బ్యాగుతో రెండో రోజుకే భుజాల మీద దూది పెట్టుకున్నాడు.

రెండో రోజు ములింగ్‌లోనే ఆగిపోయాం, వాన. ఎలాగూ ఆగాల్సిందే, మూడు వేల మీటర్లు దాటాక రోజుకి పడుకునే ఎత్తు ఐదు వందల మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదంటారు, మేం మొదటి రోజే అతిగా ఎక్కేశాం. గుడారంలో పడుకుని వాన చప్పుడు వింటూ, బయట రాయికి ఆనించి పెట్టిన బ్యాగు గురించి టెన్షన్ పడ్డాను. సాయంత్రం తెరిచి చూస్తే పైగుడ్డ తడిసి కిలో బరువెక్కింది, ఎరువుల సంచి లోపల మాత్రం అగ్గిపెట్టె కూడా పొడిగా ఉంది. ఆ తడిసిన గుడ్డ ఆరడానికి రెండు రోజులు పట్టింది. మందపాటి నైలానుతో వచ్చే బాధ ఇది, గట్టిది కానీ తడిస్తే ఆ నీటిని మీరే మోయాలి.

తిండి గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్తాను. నాలుగు వేల మీటర్ల ఎత్తులో నీళ్లు 86, 87 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో పప్పు ఉడకదు. మా ఫ్రెండు కందిపప్పు అరకిలో తెచ్చాడు, అది కాఫ్నూ నుంచి ముద్ దాకా ప్రయాణం చేసి క్షేమంగా విజయవాడ చేరుకుంది. మమ్మల్ని బతికించింది అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, అమ్మ కొట్టిచ్చిన కందిపొడి. వేడి నీళ్లలో అటుకులు నానబెట్టి కందిపొడి, కాస్త నెయ్యి. గైడుకి కూడా పెట్టాం, మొదటి ముద్దకి కళ్లనీళ్లు పెట్టుకుని రెండో ముద్ద అడిగాడు.

ములింగ్ తర్వాత కారా అనే చోట ఏరు దాటాలి. పొద్దున్నే దాటాలి, మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. దాటే ముందు నడుము బెల్టు, ఛాతీ బెల్టు విప్పేయమన్నాడు గైడు. కాలు జారితే బ్యాగు వదిలించుకుని లేవాలి, లేదంటే అదే మిమ్మల్ని నీళ్లలో బోర్లా పడేసి నొక్కేస్తుంది. ఈ బ్యాగు బకిల్ ఒక చేత్తో, చలికి కొయ్యబారిన వేళ్లతో కూడా విప్పగలిగాను. చిన్న విషయంలా కనిపిస్తుంది, మోకాళ్ల లోతు మంచు నీళ్లలో నిలబడ్డప్పుడు కాదు. ఆ మైదానాల్లో గొర్రెల మందలు, కాపరులు, మెడకి ఇనుప ముళ్ల పట్టీ వేసిన కుక్కలు. ఆ కుక్కలు నన్ను వదిలేసి బ్యాగుని వాసన చూసి మొరిగాయి. ఎల్క్ మరకో, గుంటూరు కారమో తెలీదు.

కనుమకి ముందు ఆఖరి మజిలీ ఫుస్తిరంగ్‌లో నిద్రపట్టలేదు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. కనుమ కిందికొచ్చేసరికి గాల్లో ఆక్సిజన్ మన ఊళ్లో ఉండేదాంట్లో సగానికి కాస్త పైన, అంతే. రాళ్లు కాలికింద జారుతుంటే రెండడుగులు ఎక్కితే ఒకడుగు కిందికి. ఇరవై అడుగులు వేయడం, కర్ర మీద ఆనుకుని ముప్పై దాకా లెక్కపెట్టడం, మళ్లీ ఇరవై. ఆ ఎక్కుడు గురించి అందమైన మాటలు రాయొచ్చు గానీ ఆ మూడు గంటలూ నేను చూసింది నా బూట్లు మాత్రమే. పైకెక్కాక వెనక్కి చూస్తే పచ్చటి లోయ, ముందుకి చూస్తే గోధుమ రంగు, ఊదా రంగు రాళ్ల ఎడారి, ఒక్క చెట్టు లేదు. ఒకే కొండకి ఇటు కోనసీమ, అటు రాయలసీమ అన్నట్టుంది.

దిగేటప్పుడు మా ఫ్రెండు మోకాలు మెలిపడింది. కనుమ దాటిన అరగంటకి, మంచు పలక అంచున కాలు ఇరుక్కుని పక్కకి తిరిగింది. ఏదీ విరగలేదు, కానీ బరువుతో దిగలేడు. అక్కడ ఫోను లేదు, గుర్రం లేదు, రాత్రికి తర్వాతి మజిలీ మంగ్రుంగ్సే చేరాల్సిందే. వాడి బ్యాగు పదమూడు కిలోలు. గైడు గుడారం, స్టవ్ తీసుకున్నాడు. మిగిలిన తొమ్మిది కిలోల సామానుతో వాడి బ్యాగుని నేను చూస్తూ నిలబడ్డాను. ఆరు వందల డాలర్ల సంగతి ఆ నిమిషంలోనే తేలింది. నాలుగు పట్టీలు వదులు చేశాను, ఎల్క్ మాంసం పెట్టే అర తెరుచుకుంది, వాడి బ్యాగుని అడ్డంగా నెట్టి, నా బ్యాగు దాని మీదకి లాగి బిగించాను. నా తిండి కొంత అయిపోయింది కాబట్టి మొత్తం లెక్కేస్తే 27 కిలోలు. వీపుకి అంటుకునే ఉంది, అటూ ఇటూ ఊగలేదు. ముఠా మేస్త్రీ చెప్పినట్టు అడుగులు పొట్టిగా, గబగబా వేసుకుంటూ, మోకాళ్లు కాస్త వంచి దిగాను. ఐదు గంటలు. తేలిగ్గా ఉందని అబద్ధం చెప్పను, మంగ్రుంగ్సేలో బ్యాగు దించి కూర్చున్నాక లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది, కాలి గోళ్లు రెండు నల్లబడ్డాయి. కానీ అదే బరువు బీసెంట్ రోడ్డు నీలం బ్యాగుతో అయితే నేను ఈ రివ్యూ రాస్తూ ఉండేవాణ్ణి కాదు, లేదా దాని మీద చాలా వేరే రివ్యూ రాసేవాణ్ణి.

మర్నాడు వాడి మోకాలికి విశ్రాంతి కాబట్టి నాకూ గైడుకీ ఒక రోజు దొరికింది. బావ చెప్పిన వేట సూత్రం ఒకటే: నడవకు, కూర్చుని చూడు. ఒక రాయికి ఆనుకుని బైనాక్యులర్‌తో ఎదురు కొండని గళ్లు గళ్లుగా, చీరలో పోయిన చెవిపోగు వెతికినట్టు గాలించాం. రెండు గంటలకి గైడు వేలు చూపించాడు. ఆరు. అందులో రెండు పెద్ద మగవి. కొండమేకలు ప్రమాదం కింది నుంచి వస్తుందని కిందికే చూస్తుంటాయి కాబట్టి చుట్టూ తిరిగి వాటి కంటే పైకి వెళ్లాలి. కానీ ఎండెక్కాక కొండవాలు వేడెక్కి గాలి పైకి వీస్తుంది, అది మంచిదే, పైనున్న మన వాసన వాటికి పోదు. సాయంత్రం నీడ పడితే చల్లబడి గాలి కిందికి తిరుగుతుంది, అప్పుడు అయిపోయినట్టే. పన్నెండింటికి మొదలుపెట్టి రెండున్నరకి వాటి పైకి, రెండు వందల మీటర్ల దూరంలోకి చేరాం. గుండె కొట్టుకునే చప్పుడు నాకే వినిపిస్తోంది. ట్రైపాడ్ తీయడానికి మెల్లగా ముందుకి వంగాను.

కిర్ర్.

ఫ్రేము. ఫ్రేము గొట్టం నడుము బెల్టులోకి దూరే చోట ఒక కిర్రు చప్పుడు, పాత మంచం మీద పొర్లినట్టు. మొదటి రోజు నుంచీ ఉంది, బరువు ఎక్కువున్నప్పుడు వినపడదు, ఖాళీగా ఉన్నప్పుడే. ఆరు తలలు ఒకేసారి లేచాయి. ఒక మగది మమ్మల్ని అలా చూసింది, నాలుగు సెకన్లు ఉంటుందేమో, గడ్డం గాలికి ఊగుతోంది, ఒక కొమ్ము చివర చిట్లి ఉంది. తర్వాత రాళ్లు దొర్లిన చప్పుడు. నా దగ్గర పద్నాలుగు ఫోటోలున్నాయి. పన్నెండింట్లో పిరుదులు, ఒకదాంట్లో దుమ్ము, ఒకదాంట్లో ఆ చిట్లిన కొమ్ము, సగం మసక.

వేట కోసం చేసిన బ్యాగుకి ఈ చప్పుడు క్షమించరాని లోపం. తిరిగొచ్చాక బావకి ఫోన్ చేసి తిడితే "అవును బావా, దానికే కదా కొత్తది కొన్నాను" అన్నాడు తాపీగా. ముందే చెప్పొచ్చుగా! గుంటూరులో కొవ్వొత్తి మైనం ఆ గొట్టం చివర రుద్దాను, పోయింది. ఐదు రూపాయల కొవ్వొత్తి. ముందే రుద్ది ఉంటే, సరే వదిలేయండి.

ఇంకా కొన్ని తిట్లు మిగిలాయి. పక్క జేబులో పెట్టిన నీళ్ల సీసా నడుస్తూ అందదు, ఎవరో ఒకరు తీసివ్వాలి, ఒంటరిగా వెళ్తే తాగే పైపున్న నీళ్ల సంచి పెట్టుకోవాల్సిందే. పైన చిన్న వస్తువులకి జేబు ఒక్కటే. వీపుకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడదు, హిమాలయంలో ఫర్వాలేదు గానీ మే నెలలో కొండవీడు ఎక్కేవాళ్లకి చొక్కా పిండుకోవడమే పని. అన్నింటికంటే పెద్ద తలనొప్పి రంగు. అమెరికాలో వేటగాళ్లకి ఆకుల డిజైను మామూలే, మన దగ్గర అది మిలటరీ వాళ్ల రంగు. ఢిల్లీ స్టేషన్‌లో ఒకసారి, స్పితి నుంచి వచ్చేటప్పుడు ఒక చెక్‌పోస్టులో ఇంకోసారి మొత్తం విప్పి చూపించాల్సొచ్చింది. రెండోసారి జవాను ఆ మరక మీద వేలు పెట్టి "యే క్యా హై?" అన్నాడు. ఎల్క్ రక్తం అని చెప్తే ఏమవుతుందో ఆలోచించి, గోంగూర పచ్చడి అని చెప్పాను. కొంటే మట్టి రంగుదో, బూడిద రంగుదో కొనుక్కోండి.

ఎవరు కొనాలి అంటే, రెండు మూడు రోజుల ట్రెక్‌కి, గుర్రాల మీద సామాను పంపించే ప్యాకేజీకి వెళ్లే వాళ్లకి ఇది దండగ, ఆ డబ్బుతో రెండు ట్రెక్‌లు వెళ్లి రావచ్చు. పది, పన్నెండు కిలోల లోపు బరువుకి ఇది అసలు బాగోదు, ఖాళీగా ఉంటే కర్రలా వీపుకి గుచ్చుకుంటుంది. 18 కిలోలు దాటాకే దీని గుణం బయటపడుతుంది. కెమెరా, ట్రైపాడ్, గుడారం, వారం తిండి స్వయంగా మోసే పిచ్చి ఉన్నవాళ్లు, అమెరికాలో బావలున్నవాళ్లు, సెకండ్ హ్యాండ్ అడిగి తెప్పించుకోండి. ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఐబెక్స్‌కి.

ఏ బ్యాగైనా సరే, కొనేముందు షాపులో కనీసం పదిహేను కిలోలు వేయించుకుని, బెల్టు బిగించి, ఇరవై నిమిషాలు తిరగండి. ఒప్పుకోని షాపులో కొనకండి. ఇది వేసి చూడాలనుకునే వాళ్లు గుంటూరు మిర్చి యార్డుకి మధ్యాహ్నం రెండు దాటాక రండి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం వద్దు, అప్పుడు మాకు ఊపిరాడదు. మేస్త్రీ ఉంటే పట్టీలు ఆయనే కడతాడు, టీ ఇప్పించండి చాలు. బెల్టు రెండుసార్లు సబ్బుతో ఉతికాను, అయినా తెల్ల చొక్కా వేసుకుని రాకండి.